బంగారు సేనాని ఫాల్కో కథను ఎలా చదవాలి, ఎలా చూడాలి

బురోన్సన్ రచనకు టెట్సువో హారా బొమ్మలు గీయగా 1983 నుంచి 1988 వరకు జపాన్‌లోని ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో ధారావాహికగా వెలువడిన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, ‘హొకుతో నో కెన్’. ఇంగ్లీషు పాఠకులకు ఇది ‘ఫిస్ట్ ఆఫ్ ది నార్త్ స్టార్’గా పరిచయం. దీని పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేవాళ్లు ఇద్దరే: కథానాయకుడు కెన్షిరో, అతని పెద్దన్న వరుసైన రావో. రావో మరణించిన తరువాతి భాగాన్ని తిరగేసి వదిలిపెట్టేవారే ఎక్కువ. ఆ భాగంలోనే గెంటో కోకెన్ అనే యుద్ధవిద్యలో మేటి అయిన ‘బంగారు ఫాల్కో’ కనిపిస్తాడు. ప్రభుభక్తి కలిగిన సేనానులు యుద్ధవిద్యల మాంగాలలో కొల్లలుగా ఉన్నారు. అయితే ఆ భక్తి వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి కీడు జరిగింది అన్న ప్రశ్నను ఇంత సూటిగా పాఠకుడి ముందు నిలబెట్టినవాడు మాత్రం అరుదు. ఈ పాత్రను శ్రద్ధగా చదవదలచినవారికి, దాని టెలివిజన్ బొమ్మల చిత్రం అయిన యానిమేతో పోల్చి చూడదలచినవారికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. కథలోని ముఖ్య మలుపులు, ముగింపు సహా, ఇందులో ప్రస్తావనకు వస్తాయి కనుక ఏమీ తెలియకుండానే చదవాలనుకునేవారు ముందు మాంగా చదివి రావడం మంచిది.

ఎక్కడ మొదలుపెట్టాలి

మాంగా మొత్తం 245 అధ్యాయాలు. తొలి ప్రచురణలో అవి 27 సంపుటాలుగా వచ్చాయి. తరువాత వచ్చిన 18 సంపుటాల కూర్పునే విజ్ సంస్థ 2021 నుంచి గట్టి అట్టతో ఇంగ్లీషులో వెలువరించింది. ఒక కూర్పులోని సంపుటి సంఖ్య మరో కూర్పుకు పనికిరాదు కనుక అధ్యాయ సంఖ్యను పట్టుకోవడమే క్షేమం. రావో కథ 136వ అధ్యాయంతో ముగుస్తుంది, కొత్త కథ 137తో మొదలవుతుంది. ఫాల్కో కోసమే చదివేవారు నేరుగా 137కు వెళ్లవచ్చు గానీ, అంతకుముందు మూడు సంగతులు తెలిసి ఉండకపోతే ఈ భాగంలోని సగం బలం జారిపోతుంది.

మొదటిది, అణుయుద్ధం తరువాతి ఎడారి లోకంలో కెన్షిరోకు తొలి అధ్యాయాలలోనే తారసపడే ఇద్దరు పిల్లలు: బాట్, లిన్. మాట పోగొట్టుకున్న ఆ చిన్నపిల్ల లిన్ ఎవరన్నది ఫాల్కో కథకు ఇరుసు. రెండవది, రావో స్వభావం. లోకాన్ని భయంతో ఏలదలచిన ఈ యోధుడు, ఎదుటివాడి ధైర్యం నిజమైనదైతే దానికి విలువ ఇవ్వడం తెలిసినవాడు కూడా; ఈ రెండో ముఖం తెలియకపోతే ఫాల్కోతో అతని భేటీ అర్థం కాదు. మూడవది, టోకి తన అన్న రావోతో చేసిన పోరాటం. ఆయుష్షును పణంగా పెట్టి క్షణకాలం బలాన్ని ఉప్పొంగించే ‘సెట్సుకక్కో’ అనే మర్మస్థానం అక్కడ మొదటిసారి ప్రాణాంతకమైన పందెంగా కనిపిస్తుంది. ఫాల్కో చివరి పోరాటంలో అదే మర్మస్థానం తిరిగి వస్తుంది కాబట్టి ఆ అధ్యాయాలను దాటవేయవద్దు. ఈ మూడూ చదివాక మధ్యలోని మిగతా యుద్ధాలను తీరిక దొరికినప్పుడు చదువుకున్నా నష్టం లేదు.

మాంగాకు కొత్తవారైతే ఒక చిన్న జాగ్రత్త అవసరం. పుటలోని గళ్లను కుడి నుంచి ఎడమకు, పై నుంచి కిందికి చదవాలి. విజ్ కూర్పు కూడా ఈ క్రమాన్నే ఉంచింది. హారా బొమ్మలలో ముఖంపై గీతలు, కండరాల నీడలు దట్టంగా ఉంటాయి కనుక సంభాషణ చదివేసి పుట తిప్పేయకుండా ప్రతి పెద్ద గడి దగ్గర కాసేపు ఆగడం అలవాటు చేసుకోవాలి. ఫాల్కో తక్కువగా మాట్లాడే మనిషి. అతని మనసులోని మాట ఎక్కువగా అతని దవడ బిగింపులోనూ, ఎదుటివారి మీద నుంచి చూపు తిప్పుకునే తీరులోనూ ఉంటుంది.

ఈ లోకంలోని పదవులను ముందే స్పష్టం చేసుకోండి

ఈ భాగంలో ‘తెన్‌తేయ్’ అనే దివ్య చక్రవర్తి ప్రసక్తి మొదటిసారి వస్తుంది. అంతకుముందు 136 అధ్యాయాలలో ఆ పేరు గానీ, ఆ చక్రవర్తిని కాపాడే గెంటో యోధుల మాట గానీ వినిపించదు. ఇది కథలోని లోపమని విమర్శించేవారున్నారు. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. అయినా చదివేటప్పుడు దీన్ని వెనక నుంచి వేసిన కొత్త పునాదిగా స్వీకరించి ముందుకు సాగితేనే ఫాల్కో స్థానం తెలుస్తుంది. కెన్షిరో, రావోల యుద్ధవిద్యకు పేరైన హొకుతో అంటే ఉత్తరాన ఏడు నక్షత్రాల గుంపు, మనం సప్తర్షి మండలం అని పిలిచేది. మరో యుద్ధవిద్యకు పేరైన నాంటో అంటే ధనుస్సు రాశిలోని ఆరు నక్షత్రాల గుంపు. ప్రాచీన చైనా ఖగోళ సంప్రదాయంలో ధ్రువం చుట్టూ ఉన్న ఆకాశ భాగం దివ్య చక్రవర్తి నివాసం. మిగిలిన నక్షత్ర మండలాలు ఆ కేంద్రం చుట్టూ కొలువు తీరి తిరుగుతాయి. కథకుడు ఆ ఊహను తీసుకుని, హొకుతో, నాంటో విద్యలతో పాటు చక్రవర్తికి అతి సమీపాన నిలబడే అంగరక్షక విద్యగా గెంటోను కల్పించాడు. కాబట్టి ఫాల్కో ఏదో ఒక రాజు దగ్గర కొలువు చేసే సైన్యాధిపతి అనుకోవడం సరిపోదు. ఆకాశమే తనకు అప్పగించిన కావలి ఇది అని నమ్మేవాడు అతను.

నక్షత్రాల మాట వచ్చింది కనుక తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే ఒక విషయం. సప్తర్షులలో వసిష్ఠుని పక్కన మినుకుమినుకుమనే చిన్న నక్షత్రాన్ని మన పెళ్లిళ్లలో అరుంధతిగా వధూవరులకు చూపిస్తారు. ఈ మాంగాలో అదే నక్షత్రం మృత్యుసూచకం. అది కంటికి కనిపించినవారికి మరణం దగ్గరపడిందని అర్థం. మొదటిసారి చదివే తెలుగువారు ఆ గడి దగ్గర ఒక్క క్షణం తడబడడం సహజమే.

ఇక పదవుల సంగతి. కాగితం మీద అధికారి చక్రవర్తి రుయి. ఆమె ఒక యువతి. చేతిలో అధికారం ఉన్నవాడు మాత్రం సర్వాధికారిగా చలామణీ అయ్యే జాకో. అతను రుయిని నేలమాళిగలో బందీగా ఉంచి, ఆమె పేరుతో ఆజ్ఞలు జారీ చేస్తాడు. ఆ ఆజ్ఞలను అమలు చేసే సేనాని ఫాల్కో. అతని కింద గెంటో యోధులు మరికొందరున్నారు: ఊదా వెలుగుతో పోరాడే సోలియా, ఎరుపు వెలుగు గల షోకి మొదలైనవారు. ఎదుటి పక్షంలో పెద్దవాడైన బాట్, యుక్తవయసుకు వచ్చిన లిన్ నడిపే హొకుతో సైన్యం, వారికి తోడుగా కెన్షిరో. ఈ పటం మనసులో నిలిస్తే తరువాతి అధ్యాయాలలో ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో తికమక ఉండదు.

నిర్ణయాలను జరిగిన క్రమంలో పేర్చుకోవడం

ఫాల్కోను అర్థం చేసుకోవడానికి అన్నిటికన్నా ఉపయోగపడే పని ఇదే కాబట్టి దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. కథ అతన్ని మొదట క్రూరమైన సామ్రాజ్యపు సేనానిగా చూపించి, పాత సంగతులను తరువాత విడతలవారీగా వెల్లడిస్తుంది. చదివేవారు ఒక కాగితం తీసుకుని, కథ చెప్పిన క్రమాన్ని పక్కన పెట్టి, ఆ సంఘటనలు అతని జీవితంలో జరిగిన క్రమంలో రాసుకోవాలి. ప్రతి సంఘటన పక్కన మూడు విషయాలు గుర్తించాలి: ఆజ్ఞ ఎవరిది, ఫాల్కో దాన్ని పాటించాడా లేదా, దాని మూల్యం ఎవరు చెల్లించారు.

ఇలా రాయడం మొదలుపెట్టగానే ఒక వింత బయటపడుతుంది. పరమ విధేయుడని పేరున్న ఈ సేనాని కథ ఆజ్ఞాతిక్రమణతోనే ఆరంభమవుతుంది. చక్రవర్తి వంశంలో కవల ఆడపిల్లలు పుడతారు. ఒకే ఆకాశానికి ఇద్దరు చక్రవర్తులు ఉండరాదని, ఉంటే లోకం రెండుగా చీలుతుందని, ఒక బిడ్డను చంపే పని ఫాల్కోకు అప్పగిస్తారు. చేతిలోని పసికందును చంపలేక అతను ఆమెను రహస్యంగా వేరేచోట పెంపకానికి ఇచ్చేస్తాడు. ఆ బిడ్డే లిన్, రుయి కవల సోదరి. అంటే, అతను ఆజ్ఞను తుచ తప్పక పాటించి ఉంటే ఈ కథలో లిన్ అన్న మనిషే ఉండేది కాదు. కాగితం మీద ‘పాటించలేదు’ అని మొదటి గీత పడుతుంది, మూల్యం గడిలో రాయడానికి ఏమీ ఉండదు.

రెండవ సంఘటన రావోతో భేటీ. దీన్ని ఒకటికి రెండుసార్లు చదవమని సలహా ఇస్తాను. రావో సైన్యం ఫాల్కో ఊరి మీదికి వస్తుంది. ఫాల్కో తలపడితే రావోకు దీటైన పోరాటమే జరుగుతుంది. కానీ గెలిచినా ఓడినా ఊరు మిగలదు. అప్పుడతను తన కుడికాలిని తన చేతులతోనే నరుక్కుని రావో ముందు పెడతాడు. ఒక యోధుడు తన విద్యకు ఆధారమైన కాలినే కప్పంగా చెల్లించి ఊరిని విడిపించుకున్నాడన్నమాట. ఇక్కడ చూడవలసింది రక్తం కాదు, రావో ముఖం. అంతవరకు కనిపించిన ఆధిక్యపు ధీమా ఆ ముఖంలో సడలి, ఎదుటివాడిని తూచి చూసే చూపు వస్తుంది. అతను ఊరిని వదిలి వెళ్తూ, అక్కడే భయంతో వణుకుతున్న జాకోను చంపేయమని, వాడిని బతకనిస్తే ముప్పు తప్పదని హెచ్చరిస్తాడు. శత్రువు ఇచ్చిన మంచి సలహా ఇది. ఈ సంఘటనలో మూల్యం మొత్తం ఫాల్కోయే చెల్లించాడు. అతని జీవితంలో ఇంత స్వచ్ఛమైన త్యాగం మరొకటి లేదని నా అభిప్రాయం, ఆఖరి పోరాటాన్ని లెక్కలోకి తీసుకున్నా సరే.

మూడవది, జాకోను వదిలిపెట్టడం. రావో మాటలోని నిజాన్ని ఫాల్కో గ్రహిస్తాడు, చంపడానికి సిద్ధపడతాడు కూడా. జాకో తల్లి ప్రాధేయపడడంతో అతని చేయి ఆగిపోతుంది. పసిబిడ్డను చంపలేని జాలి, తల్లి కన్నీటికి కరిగే జాలి ఒకటేనని పైకి అనిపిస్తుంది. ఫలితాలు చూస్తే రెండింటికీ పొంతన లేదు: మొదటి జాలి లిన్‌ను బతికించింది, రెండవ జాలి జాకో పాలనలో నలిగిన ఊళ్లను ఎన్నిటినో బలి తీసుకుంది. రచయిత ఈ రెండింటినీ ఎక్కడా పక్కపక్కన పెట్టి వ్యాఖ్యానించడు. ఆ పని పాఠకుడే చేయాలి. క్రమంలో రాసుకోమనడంలోని ఉద్దేశం కూడా ఇదే.

నాలుగవది సుదీర్ఘమైన లొంగుబాటు. రుయి ఎక్కడుందో ఫాల్కోకు తెలియదు; తాను ఎదురు తిరిగితే ఆమె ప్రాణం పోతుందని మాత్రం తెలుసు. కాబట్టి జాకో చెప్పినట్లు సైన్యాన్ని నడిపిస్తాడు. ఈ దశకు సంబంధించిన అధ్యాయాలు చదివేటప్పుడు మూల్యం గడిని నిజాయితీగా నింపాలి. దండెత్తిన ఊళ్లు, బానిసలుగా పట్టుబడిన మనుషులు, చివరికి అతని మిత్రుడు షోకి. కెన్షిరో పట్ల మంచి మనసు చూపిన షోకి జాకో పక్షం చేతిలో ప్రాణం కోల్పోతాడు, ఫాల్కో చూస్తూ భరించవలసి వస్తుంది. చాలామంది అభిమానులు ఈ గడిని ఖాళీగా వదిలేసి ‘పాపం, ఏం చేస్తాడు, నిస్సహాయుడు’ అని సరిపెట్టుకుంటారు. కథ అంత సులువుగా అతన్ని వదిలిపెట్టదు. తన కాలు ఇచ్చి ఒక ఊరిని కాపాడినవాడే, తరువాత ఇతరుల ఊళ్లను ఇచ్చి ఒక ప్రాణాన్ని కాపాడుతున్నాడు. ఈ తారుమారును గుర్తించకుండా ఫాల్కో గురించి ఏమి మాట్లాడినా అది పొగడ్తగానే మిగిలిపోతుంది.

భీష్ముడితో పోలిక గురించి

తెలుగు పాఠకుడికి ఇక్కడికి వచ్చేసరికి భీష్ముడు గుర్తుకు రావడం ఖాయం. సింహాసనాన్ని అంటిపెట్టుకుని అధర్మపక్షాన నిలబడిన మహావీరుడు అన్నంతవరకు పోలిక కుదురుతుంది. అయితే పోలికను అక్కడ ఆపి, తేడాలను చూడడం మొదలుపెట్టాలి. భీష్ముణ్ణి కట్టిపడేసింది తాను నోరారా చేసిన ప్రతిజ్ఞ. సింహాసనం మీద ఎవరు కూర్చుంటే వారికి రక్షణగా నిలవవలసిన పరిస్థితి అతనిది. ఫాల్కోకు సింహాసనంతో పని లేదు, దాని మీద కూర్చోవలసిన మనిషే అతనికి ముఖ్యం. అందుకే రుయి విడుదలైన మరుక్షణం జాకోతో అతని బంధం తెగిపోతుంది; ఒక్క పూట కూడా సందేహం ఉండదు. భీష్ముడికి అలాంటి క్షణం ఎప్పుడూ రాలేదు. బందీని విడిపిస్తే తీరిపోయే కష్టం ఒకటి, ఎవరు వచ్చినా విడిపించలేని కష్టం మరొకటి. విశ్లేషణ రాసేవారు ఈ తేడాను చెప్పకుండా ‘జపాన్ భీష్ముడు’ అని శీర్షిక పెట్టేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్లే.

వెలుగును గమనిస్తూ చదవండి

ఈ భాగమంతా వెలుగు, చీకట్ల మీద కట్టినది. జాకోకు చీకటంటే ప్రాణభయం. అందుకని రాజధానిని విద్యుద్దీపాలతో నింపేస్తాడు. ఆ విద్యుత్తును పుట్టించడానికి బానిసలు యంత్రాలను తిప్పుతూ చచ్చిపోతుంటారు. ప్రపంచమంతా ఎడారిగా మారి మంచినీటికి కరువొచ్చిన కాలంలో ఒక నగరం మాత్రం రాత్రింబవళ్లు ధగధగలాడడం ఎంత అసహ్యకరమైన విలాసమో హారా గీసిన విశాలమైన నగర దృశ్యాలలో తెలుస్తుంది. ఆ వెలుగుకు సరిగ్గా కింద, నేలమాళిగ చీకటిలో, అసలు చక్రవర్తి రుయి ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఫాల్కో ఒంటి నుంచి వచ్చే బంగారు వెలుగు ఉంది. గెంటో విద్యలో యోధుని అంతశ్శక్తి కాంతిగా వెలువడి ఎదుటివాడి దేహాన్ని కోసి, కణజాలాన్ని నాశనం చేస్తుంది; యోధుని బట్టి ఆ కాంతి రంగు మారుతుంది, బంగారు రంగు అందరిలో ఉత్తముడిది. మొదటిసారి అతని వెలుగు కనిపించినప్పుడు అది ఎవరి కోసం వెలుగుతోందో గమనించి, జాకో చావు సన్నివేశంలో అదే వెలుగును మళ్లీ చూడండి. కాంతి మారలేదు, అది పడే దిక్కు మారింది.

మాంగా నలుపు తెలుపు కనుక ఆ బంగారు రంగును మనం ఊహించుకోవాలి. యానిమేకు ఉన్న పెద్ద లాభం ఇక్కడే.

యానిమేను ఎప్పుడు, ఎలా చూడాలి

తోయి యానిమేషన్ నిర్మించిన మొదటి ధారావాహిక 1984 అక్టోబరు నుంచి 1987 మార్చి వరకు 109 భాగాలుగా ఫుజీ టెలివిజన్‌లో ప్రసారమై, రావో కథతో ముగిసింది. ఆ వెంటనే అదే నెలలో ‘హొకుతో నో కెన్ 2’ పేరుతో రెండవ ధారావాహిక మొదలై 1988 ఫిబ్రవరి వరకు 43 భాగాలు వచ్చింది. ఫాల్కో కథ ఈ రెండవదాని తొలి సగంలో ఉంటుంది. కాబట్టి యానిమే మాత్రమే చూసేవారు మొదటి ధారావాహిక మొత్తం చూడవలసిన అగత్యం లేదు. ఆరంభ భాగాలు కొన్ని, టోకి, రావోల పోరాటం, రావో అంతిమ ఘట్టం చూసి రెండవదానికి రావచ్చు.

నా సలహా ఏమిటంటే, మాంగాలో 137వ అధ్యాయం నుంచి ఫాల్కో మరణం వరకు ఒక విడతలో చదివి, కొన్నాళ్లు ఆగి యానిమే చూడాలి. ముందుగా యానిమే చూస్తే ఫాల్కో గంభీరమైన గొంతు, బంగారు వెలుగు, నేపథ్య సంగీతం కలిసి అతన్ని కథానాయకుడికి సమానమైన వీరుడిగా మనసులో ముద్ర వేసేస్తాయి; ఆ తరువాత మాంగాలోని నలిగిన ఊళ్ల గడులు మనకు సరిగా ఆనవు. మాంగా ముందు చదివినవారికి ఆ ప్రమాదం తక్కువ. టామ్‌క్యాట్ బృందం పాడిన ప్రారంభ గీతం ‘టఫ్ బాయ్’ను మాత్రం దాటవేయకండి. నాశనమైన లోకం గురించిన కథకు అంత హుషారైన పాట పెట్టడం విచిత్రంగా తోచినా, రెండవ భాగంలోని యువతరం తిరుగుబాటు స్వరం అందులోనే ఉంది.

టెలివిజన్ కోసం చేసిన మార్పులను రెండు రకాలుగా విడదీసి చూడాలి. ఒకటి, రక్తపాతాన్ని తగ్గించడం. మాంగాలో శరీరాలు పగిలే తీరును హారా వివరంగా గీస్తే, యానిమేలో నీడబొమ్మలుగానో, తెల్లని వెలుగుగానో మార్చేశారు. అయినప్పటికీ ఇది చిన్నపిల్లలతో కూర్చుని చూసేది కాదు. రెండవది, పేర్లు, పోరాటాల పొడిగింపు. మాంగాలో ఫాల్కోను చావుదెబ్బ తీసే యోధుడికి పేరే ఉండదు. యానిమేలో అతనికి ‘సునగుమో’ అన్న పేరు పెట్టారు. ఇది చిన్న మార్పుగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో పెద్ద నష్టం. కారణం చివరి ఘట్టం దగ్గర చెబుతాను.

కెన్షిరోతో పోరాటాన్ని చదవడం

ఈ పోరాటంలో ఇద్దరికీ ఒకరిపై ఒకరికి ద్వేషం లేదు. కెన్షిరోకు ఎదుటివాడి చిక్కు తెలుసు, ఫాల్కోకు కెన్షిరో పక్షం న్యాయమైనదని తెలుసు. అయినా పోరాడకపోతే జాకో రుయిని చంపేస్తాడు. కనుక ఇద్దరూ పూర్తి బలంతో తలపడతారు, నటన లేదు. ఎవరు గెలుస్తారన్న ఉత్కంఠతో చదివితే ఇది మామూలు సమవుజ్జీల పోరుగానే ఉంటుంది. దీనికి సమాంతరంగా నేలమాళిగలో జరుగుతున్న వెతుకులాటను కలిపి చదివితే రెండు గడియారాలు ఒకేసారి నడుస్తున్నట్లు తెలుస్తుంది. పైన ఇద్దరు మహాయోధులు ఒకరినొకరు కూల్చుకుంటున్నారు. కింద లిన్, బాట్, వారితో కలిసిన ఐన్ అనే వేటగాడు రుయి కోసం వెతుకుతున్నారు. అమెరికా జెండా గుర్తుల దుస్తులు వేసుకుని, తలలకు కట్టిన వెల కోసం మనుషుల్ని వేటాడుతూ కథలోకి వచ్చిన ఈ ఐన్‌కు దివ్యవిద్య ఏదీ రాదు. చివరికి ఒట్టి పిడికిళ్లతో బండను పగలగొట్టి ప్రాణం వదిలేవాడు అతనే. గెంటో, హొకుతో విద్యలు తేల్చలేని చిక్కును ఈ మామూలు మనిషి పిడికిలి తేల్చింది. యానిమేలో ఐన్ మరణాన్ని చూసేటప్పుడు అతని పెంపుడు కూతురు అసుకాను కూడా గుర్తుపెట్టుకోండి; అతను దేనికోసం డబ్బు సంపాదించేవాడో అప్పుడు తెలుస్తుంది.

రుయి విడుదలైందన్న కబురు రాగానే ఫాల్కో కెన్షిరో మీది పోరాటం విడిచి జాకో వైపు తిరుగుతాడు. జాకో చావు త్వరగానే ముగుస్తుంది. అన్నేళ్ల అణచివేతకు ఇంత చిన్న ముగింపా అని కొందరు నిరాశపడతారు. నాకైతే అదే సబబుగా తోచింది: జాకో ఎప్పుడూ బలవంతుడు కాడు, ఫాల్కో చేతులకు పడిన సంకెలే అతని బలం.

షురా దేశపు ఒడ్డున

ఇక్కడితో కథ ఆగి ఉంటే ఫాల్కో విజేతగా మిగిలేవాడు. అయితే జాకో కొడుకు జాస్క్ లిన్‌ను ఎత్తుకుని సముద్రం దాటి షురా దేశానికి పారిపోతాడు. కెన్షిరోతో పోరులో తగిలిన గాయాలు మానకుండానే ఫాల్కో ఆమె వెంట బయలుదేరతాడు. ఇక్కడ కాగితం మీద రాసుకున్న మొదటి గీతను మళ్లీ చూడాలి: పసికందుగా ఉన్నప్పుడు చంపకుండా వదిలిన ఆ బిడ్డ కోసమే ఇప్పుడు ప్రాణం పణంగా పెడుతున్నాడు. ఆజ్ఞ ఇచ్చినవారు ఎవరూ లేరు, బందీ లేదు, బెదిరింపు లేదు. ఇన్నేళ్లలో అతను స్వేచ్ఛగా చేసిన సైనికచర్య బహుశా ఇదొక్కటే.

షురా దేశంలో మగపిల్లలు పదిహేనేళ్ల లోపు వంద చావుపోరాటాలు దాటాలి. నూటికి ఒక్కడు మిగులుతాడు. అలా మిగిలినవాడు కూడా తగిన స్థాయికి చేరేదాకా పేరు లేకుండా, ముసుగు వేసుకుని తిరగాలి. ఒడ్డున ఫాల్కోను ఎదుర్కొని చావుదెబ్బ తీసేవాడు అలాంటి పేరులేని యోధుడే. గెంటోలో మేటిని, కెన్షిరోతో సమంగా నిలిచినవాణ్ణి, గాయపడి ఉన్నప్పటికీ, ఆ దేశంలో పేరుకు కూడా నోచుకోని ఒకడు కూల్చాడు. రాబోయే శత్రువులు ఎంతటివారో ఈ ఒక్క సంగతి చెబుతుంది. యానిమేలో అతనికి పేరు పెట్టడంతో ఈ భయం సగానికి సగం తగ్గిపోయింది. నష్టం అన్నది ఇందుకే. ఈ సన్నివేశం మట్టుకు యానిమేను పక్కన పెట్టి మాంగాను మళ్లీ తెరవడం మేలు.

ఆపైన కెన్షిరో చేరుకుంటాడు. ఫాల్కో తన పోరాటాన్ని మరొకరికి అప్పగించడానికి ఒప్పుకోడు. కెన్షిరో అతని దేహంపై సెట్సుకక్కోను పొడుస్తాడు. ఆఖరి బలం పొంగి ఫాల్కో ఆ యోధుణ్ణి ఓడిస్తాడు, తరువాత కన్నుమూస్తాడు. టోకి తన కోసం తానే ఎంచుకున్న ఆ మర్మస్థానాన్ని ఇక్కడ ఒక మిత్రుడు మరొకడికి గౌరవంగా ఇస్తున్నాడని గమనించాలి. కొత్తగా చదివేవారు దీన్ని ప్రాణం తీయడంగా పొరబడే అవకాశం ఉంది. కెన్షిరో ఎందుకు తానే ముందుకు దూకి పోరాడలేదని అడిగేవారికి ఫాల్కో రావో ముందు నిలబడిన గడి చూపించండి. యోధుడి నిర్ణయాన్ని అతని చేతుల నుంచి లాక్కోకపోవడం ఈ కథాలోకపు మర్యాద.

ఫాల్కోను ప్రేమించిన మ్యూ గురించి ఒక మాట చెప్పకపోతే ఈ భాగం అసంపూర్తిగా ఉంటుంది. రుయి జాడ తెలుసుకోవడం కోసం జాకో పక్కన నిలబడి అపవాదు భరించిన స్త్రీ ఆమె. ఆమె కడుపులో ఫాల్కో బిడ్డ ఉంది. విధేయత అనగానే సేనానినే తలుచుకుంటాం గానీ, శత్రువు కొలువులో రోజూ తల వంచుకుని పనిచేసిన మ్యూది అతనికన్నా కష్టమైన కాపలా. కథ ఆమెకు ఇచ్చిన చోటు చాలా తక్కువ, అది రచయిత పిసినారితనమే. రెండోసారి చదివేటప్పుడు ఆమె కనిపించే గడులను వరుసగా గుర్తుపెట్టుకుని చదివితే, మొదటిసారి కుట్రలా తోచిన ఆమె మౌనానికి వేరే అర్థం కనిపిస్తుంది.

ఎక్కడ ఆపాలి

ఫాల్కో కోసమే చదివేవారు అతని మరణం దగ్గర ఆపవచ్చు. షురా దేశపు కథ ఆ తరువాత చాలా దూరం సాగుతుంది. యానిమే 43వ భాగంతో షురా నాయకుడు కయో ఓటమి దగ్గర ముగుస్తుంది, అది మాంగాలో 210వ అధ్యాయం వరకు. మిగిలిన 35 అధ్యాయాలను ఆ ధారావాహికలో తీయలేదు. ముందుకు సాగాలనుకునేవారు కయో, హ్యో, హాన్ అనే ముగ్గురు షురా నాయకుల అధ్యాయాలను ఇదే కాగితంతో, ఇవే మూడు గడులతో చదివి చూడవచ్చు; హ్యో దగ్గర ‘ఆజ్ఞ ఎవరిది’ అన్న గడి నింపడం ఫాల్కో దగ్గరకన్నా కష్టమవుతుంది. రుయి కోసం మాత్రం ఎదురుచూడకండి. ఇన్ని ఊళ్లు, ఇన్ని ప్రాణాలు ఖర్చయి విడుదలైన ఆ చక్రవర్తిని, ఫాల్కో పోయిన తరువాత కథ దాదాపుగా పక్కన పెట్టేస్తుంది.